సేమ్ టు సేమ్ అన్నా: మన చేతుల్లోకి వచ్చిన నకలు రిమోట్ల కథ

మన్సూరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో పక్కింటి కుక్కర్ విజిల్ వినిపిస్తే పట్టించుకోకండి, ఇల్లే మన స్టూడియో.

ఈసారి ఒక చిన్న వస్తువు చరిత్ర చెప్తాను. గేమ్ కంట్రోలర్. అది కూడా కంపెనీది కాదు, కంపెనీది లాంటిది. షాపులో అడిగితే "సేమ్ టు సేమ్ అన్నా, ఒరిజినల్ కంటే ఇదే బాగుంటది" అని చేతిలో పెడతారు చూడండి, అది. దానికున్న మర్యాదైన పేరు థర్డ్ పార్టీ. మన పేరు డూప్లికేట్. నిజానికి ఈ రెండూ ఒకటి కాదు. ఆ తేడా కథలో వస్తది.

కంట్రోలర్ల చరిత్ర అని వెతికితే మీకు జపాన్ కథ, అమెరికా కథ దొరుకుతుంది. అది వాళ్ల చేతుల చరిత్ర. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు తొంభైల్లో పెరిగిన పిల్లల్లో చాలామంది ఒరిజినల్‌ని పట్టుకోనే లేదు. పట్టు అంటే ఇలా ఉంటుంది, బటన్ నొక్కితే ఇలా ఉంటుంది అని మన బొటనవేళ్లకు నేర్పింది నకళ్లే. అందుకే మన చరిత్ర కావాలంటే ఆ నకళ్ల డొప్ప విప్పి చూడాలి.

ముందు ఆ మాట సంగతి. అమ్మేవాడు ఒక పార్టీ, కొనేవాడు ఇంకో పార్టీ, ఈ ఇద్దరూ కాని బయటివాడు మూడో పార్టీ. గేమ్స్ తయారీలో ఈ మూడోవాడు 1979లో వచ్చాడు. అటారీ కంపెనీలో పనిచేసే ప్రోగ్రామర్లు కొందరు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టి, అటారీ మిషన్‌కే గేమ్స్ చేసి అమ్మారు. అటారీ కోర్టుకెళ్లింది, చివరికి రాజీ పడాల్సి వచ్చింది. కంట్రోలర్ విషయంలో అయితే అటారీయే తలుపు తెరిచిపెట్టింది. 1977లో వచ్చిన వాళ్ల మిషన్‌కి జాయ్‌స్టిక్ వైరు చివర తొమ్మిది పిన్నుల ప్లగ్గు ఉండేది. ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఆ జాయ్‌స్టిక్ చూస్తే ఒక నల్ల డబ్బా, మధ్యలో కర్ర, మూలన ఒకే ఒక్క బటన్. గట్టిగా ఉండేది, కాసేపు ఆడితే మణికట్టు లాగేది. వైకో అని ఆర్కేడ్ మిషన్లకు విడిభాగాలు చేసే కంపెనీ ఒకటుంది. అది 1982లో అదే ప్లగ్గుతో, చేతికి నిండుగా దొరికే పిడి ఉన్న జాయ్‌స్టిక్ తెచ్చింది. ఒరిజినల్‌తో చెయ్యి నొప్పి పెడుతుందా, అయితే మాది తీసుకోండి. వ్యాపారం అంత సూటిగా ఉండేది. గమనించండి, ఇక్కడ థర్డ్ పార్టీ అంటే చవక రకం కాదు, మెరుగైన రకం.

తర్వాతి ఏడాది, 1983 జులైలో, జపాన్‌లో నింటెండో వాళ్ల ఫ్యామికామ్ వచ్చింది. మన కథ అసలు ఇక్కడే మొదలు. అటారీకి పూర్తిగా ఎదురు పద్ధతి దానిది. కంట్రోలర్ వైరు మిషన్ లోపలికే పోయి అతుక్కుని ఉండేది, ఊడదు. కర్ర లేదు, దాని స్థానంలో ప్లస్ గుర్తు లాంటి ఒక ముక్క. ఈ ప్లస్ గున్‌పెయ్ యోకోయ్ ఆలోచన. 1982లో చేతిలో పట్టుకుని ఆడే డాంకీ కాంగ్ గేమ్ కోసం చేశాడు. మడతపెట్టి జేబులో వేసుకోవాలంటే కర్ర పొడుచుకుని ఉండకూడదు కదా.

ఈ ప్లస్ గుర్తు లోపల ఏముందో చెప్తాను, ఎందుకంటే హాయి అంతా అక్కడే ఉంది. ప్లాస్టిక్ ప్లస్, దాని కింద రబ్బరు పొర, రబ్బరులో నాలుగు చిన్న గోపురాలు, ఒక్కోదాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ల. మీరు నొక్కితే గోపురం కుంగి కార్బన్ బిళ్ల బోర్డు మీది గీతల్ని కలుపుతుంది. టీవీ రిమోట్ విప్పినోళ్లకి ఇది తెలిసిన బొమ్మే. అసలు విషయం మధ్యలో ఉంది. ప్లస్ కింద మధ్యన ఒక చిన్న బుడిపె ఉంటుంది. దాని మీద ప్లస్ తూగుడు బల్లలా ఊగుతుంది. ఒక వైపు కిందికి పోతే రెండో వైపు పైకి లేస్తుంది. కాబట్టి కుడి, ఎడమ ఒకేసారి నొక్కుకోవు. కంటితో చూడకుండానే ఏ దిక్కు నొక్కారో వేలికి తెలుస్తుంది.

ఆ మొదటి ఫ్యామికామ్ కూడా దోషం లేనిదేం కాదు. మొదట్లో వచ్చిన వాటికి ఎ, బి బటన్లు చదరంగా, మెత్తటి రబ్బరుతో ఉండేవి. చదరం బటన్ మూల కన్నంలో ఇరుక్కునేది. తర్వాత గుండ్రటి గట్టి ప్లాస్టిక్‌కి మారారు. ఈ రోజు ప్రపంచంలో దాదాపు ప్రతి కంట్రోలర్ మీదా బటన్లు గుండ్రంగానే ఉన్నాయి.

నింటెండో ఈ ప్లస్‌కి అమెరికాలో పేటెంట్ తీసుకుంది. 1987లో ఇచ్చారు, 2005లో గడువు తీరింది. ఈ మధ్యకాలంలో పెద్ద కంపెనీలు దాన్ని తప్పించుకోవడానికి తంటాలు పడ్డాయి. సెగా గుండ్రటి పళ్లెం మీద ప్లస్ పెట్టింది, సోనీ ప్లస్‌ని నాలుగు ముక్కలు చేసి పైకి చూపించింది. తైవాన్‌లో, తర్వాత చైనాలో ఫ్యామికామ్ నకళ్లు చేసినవాళ్లు మాత్రం ఏ మొహమాటం లేకుండా ప్లస్ ప్లస్‌లాగే దింపేశారు.

మన ఇళ్లకు వచ్చినవి అవే. మీడియా, లిటిల్ మాస్టర్, ఇంకా పెట్టె మీద ఒక పేరు, మిషన్ మీద ఇంకో పేరు ఉన్నవి ఎన్నో. మనం వాటిని ఫ్యామికామ్ అనలేదు, నింటెండో అనలేదు. టీవీ గేమ్ అన్నాం. కార్ట్రిడ్జ్‌ని క్యాసెట్ అన్నాం. కంట్రోలర్‌ని రిమోట్ అన్నాం. మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, ట్యాంకుల గేమ్, బాతుల్ని కాల్చే గన్ను. క్యాసెట్ మీద 9999 గేమ్స్ అని రాసుంటుంది, లోపల ఇరవై ముప్పై గేమ్స్ తిరిగి తిరిగి వస్తుంటాయి. ఒంటిపూట బడులు, మధ్యలో కరెంటు కోత, కరెంటొచ్చాక ఎవరి ఛాన్స్ అనే గొడవ. మీ అన్నల్ని, అక్కల్ని అడగండి, రాత్రంతా చెప్తారు.

నకలు రిమోట్ రూపంలో ఒరిజినల్‌కి చాలా దగ్గర. కానీ మూడు తేడాలు ఉండేవి. ఒకటి మంచి తేడా: చాలా నకళ్లలో వైరు మళ్లీ ఊడేది. అదే అటారీ నాటి తొమ్మిది పిన్నుల ప్లగ్గు ఆకారం. లోపల సిగ్నల్ పద్ధతి మాత్రం వేరు, కాబట్టి సెగా రిమోట్ తెచ్చి గుచ్చితే పట్టేది గానీ పని చేసేది కాదు. పాడైన రిమోట్ బదులు కొత్తది కొనుక్కునే వీలు జపాన్ పిల్లాడి కంటే మనకే ఎక్కువ అన్నమాట. రెండోది కూడా మనకు నచ్చిందే: టర్బో. మామూలు ఎ, బి బటన్ల పక్కనే ఇంకో జత. నొక్కి పట్టుకుంటే చాలు, సర్క్యూటే టకటకా కొడుతుంది. కాంట్రాలో బుల్లెట్ల కోసం వేలు విరగ్గొట్టుకోనక్కర్లేదు. చవక వస్తువులో ఒరిజినల్‌లో లేని హాయి ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ ఉంది.

మూడో తేడా లోపలిది. ఆ బుడిపె. చవక రిమోట్లలో అది పొట్టిగా ఉండేది, లేదా మెత్తటి ప్లాస్టిక్ కావడంతో తొందరగా అరిగిపోయేది. అప్పుడు ప్లస్ ఊగదు, మొత్తంగా కుంగుతుంది. కుడి నొక్కితే కింద కూడా నొక్కుకుంటుంది. పెద్ద మారియో పరిగెడుతూ పరిగెడుతూ ఉన్నట్టుండి గొంతుక్కూర్చుని జారుతూ పోయి గుంటలో పడేవాడు. "నేను నొక్కలేదు!" అని మీ అన్న అరిచుంటే, పాపం నిజంగానే నొక్కలేదు.

దీనికి మన దగ్గర వైద్యం ఉండేది. నాలుగు స్క్రూలు విప్పడం, రబ్బరు పొర తీసి తుడవడం, కార్బన్ అరిగిన చోట పెన్సిల్ ముల్లు బాగా రుద్దడం. అదీ కాకపోతే సిగరెట్ పెట్టెలో వెండి కాగితం గుండ్రంగా కత్తిరించి అంటించడం. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్, అదీ కార్బనే, కరెంటును పోనిస్తుంది. సైన్స్ టీచర్ చెప్పక ముందే రిమోట్ చెప్పింది. నేనూ ఇలాంటివి చాలానే విప్పాను. ఒరిజినల్ అయితే భయమేసేది, నకలు కాబట్టి చెయ్యి పెట్టే ధైర్యం ఉండేది. నా లెక్కలో నకళ్లు మనకు చేసిన పెద్ద మేలు ఇదే.

తర్వాత నకళ్లు డొప్ప మార్చడం మొదలుపెట్టాయి. ప్లేస్టేషన్ వచ్చి పేరు తెచ్చుకోగానే పాలీస్టేషన్ అనే రకం దిగింది. చూడ్డానికి ప్లేస్టేషన్, రిమోట్‌కి అలాగే రెండు పిడులు, లోపల మాత్రం అదే 1983 నాటి ఫ్యామికామ్ తెలివి. ఇప్పటి దాకా చవక కంట్రోలర్లలో కనపడే అలవాటు ఇది: ముందు ఆకారం కాపీ అవుతుంది, లోపలి సంగతి ఏళ్ల తర్వాత వస్తుంది. పట్టుకోగానే బాగుందనిపించేది డొప్ప. గంట తర్వాత బాగుందా లేదా చెప్పేది లోపలిది.

గంట అన్నాను కాబట్టి నొప్పి గురించి చెప్పాలి. ఇది సరదా విషయం కాదు. 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు అచ్చయింది. 35 ఏళ్ల ఒకావిడ, కొడుకు నింటెండో మీద ఆపకుండా ఐదు గంటలు ఆడింది. కుడి బొటనవేలు నరం లాగేసి భరించలేని నొప్పి. డాక్టరు దానికి నింటెండినైటిస్ అని పేరు పెట్టాడు. పదేళ్ల తర్వాత ఇంకోటి. నింటెండో 64 కంట్రోలర్ మధ్యలో గట్టి ప్లాస్టిక్ స్టిక్ ఉండేది. మారియో పార్టీ గేమ్‌లో దాన్ని గిరగిరా తిప్పాలి. పిల్లలు బొటనవేలితో కాక అరచేతితో తిప్పారు, చర్మం ఊడొచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర అధికారులు పట్టుకుంటే, 2000లో నింటెండో ఆ గేమ్ కొన్నవాళ్లకు చేతి తొడుగులు ఇస్తామని ఒప్పుకుంది. ఇవన్నీ ఒరిజినల్ కంట్రోలర్లు. ఒరిజినల్ అయితే చేతికి మంచిది, డూప్లికేట్ అయితే చెడ్డది అనే లెక్క చరిత్రలో కుదరదు.

ఇప్పుడు మనం పట్టు అనుకునే ఆకారం 1994 డిసెంబర్‌లో వచ్చింది. సోనీలో తేయూ గోటో అనే డిజైనర్ ప్లేస్టేషన్ కంట్రోలర్‌కి కిందికి రెండు పిడులు దించాడు. అప్పటిదాకా అందరివీ పలకలే. కంపెనీ లోపలే పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పారు. నోరియో ఓగా, అప్పటి సోనీ అధిపతి, గోటో వైపు నిలబడ్డాడు. ఆ పిడుల వల్ల ఏమయిందంటే, కంట్రోలర్ బరువు అరచేతుల మీదికి పోయింది, బొటనవేళ్లకు మొయ్యాల్సిన పని తప్పింది. పలక రిమోట్‌ని బొటనవేళ్లతో నొక్కుతూ, అవే వేళ్లతో పడిపోకుండా పట్టుకోవాల్సి వచ్చేది. నొప్పి సగం అక్కడిదే.

2000లో ప్లేస్టేషన్ 2 వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 15 కోట్లకు పైగా అమ్ముడైన మిషన్. మన కాలనీల్లో గంటకింత అని అద్దెకిచ్చే గేమ్ పార్లర్లలో దాని రాజ్యం చాలా ఏళ్లు నడిచింది. పార్లర్ రిమోట్ అంటే తెలుసు కదా. స్టిక్ మీది రబ్బరు ఊడిపోయి గుండు మాత్రమే మిగిలి ఉంటుంది, చతురస్రం బటన్ నొక్కితే లోపలికి పోయి రాదు. ఒరిజినల్ పాడవగానే ఓనరు కోఠి నుంచో అబిడ్స్ నుంచో నకలు తెచ్చిపెట్టేవాడు. రంగు అదే, అచ్చు అదే. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా ఉండేది. ఒరిజినల్‌లో నొక్కే బలాన్ని కూడా కొలిచే బటన్లు ఉన్నాయి. మెల్లగా నొక్కితే కారు మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా. నకళ్లలో ఎక్కువ వాటికి అది లేదు, నొక్కావా లేదా అంతే. క్రికెట్ గేమ్‌కి ఏ ఇబ్బందీ లేదు. రేసింగ్‌కి వస్తే తేడా తెలిసిపోయేది.

ఇక్కడ హైదరాబాద్ గురించి ఒక మాట, పెద్దగా ఎవరూ గుర్తుపెట్టుకోనిది. 2009లో ఇదే ప్లేస్టేషన్ 2 మీద మన ఊళ్లో తయారైన గేమ్స్ వచ్చాయి. హైదరాబాద్ కంపెనీ ఆరోనా టెక్నాలజీస్ హనుమాన్ బాయ్ వారియర్ చేసింది. గేమ్‌శాస్త్ర మన ఆటలతో దేశీ అడ్డా చేసింది. హనుమాన్ గేమ్ మీద అమెరికాలో రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు నిరసన చెప్పాడు. అభ్యంతరం కథ మీద కంటే కంట్రోలర్ మీదే: దేవుణ్ణి బటన్లతో ఆడించడం ఏంటని. గేమ్ బాగుందా లేదా అనేది వేరే ఎపిసోడ్. కంట్రోలర్ అనేది ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారు అనే ప్రశ్నగా మారడం నాకు ఆసక్తిగా అనిపించింది.

కంప్యూటర్ వైపు చూస్తే, ఇంట్లో ఇంటర్ పిల్లాడికని కొన్న పీసీకి ఒక యూఎస్‌బీ ప్యాడ్. క్వాంటమ్, ఎంటర్, ఫ్రాంటెక్ లాంటి పేర్లు. ప్లేస్టేషన్ ఆకారం, బొమ్మల బదులు 1, 2, 3, 4 అని అంకెలు, పెట్టెలో చిన్న డ్రైవర్ సీడీ, మధ్యలో అనలాగ్ అని బటన్, దానికి ఎర్ర లైటు. ఇవి డూప్లికేట్లు కావు, సొంత పేరుతో సొంతంగా అమ్ముకునే థర్డ్ పార్టీ. నేను ముందు చెప్పిన తేడా ఇదే. డూప్లికేట్ అంటే పేరు కూడా దొంగిలించినది.

2005 తర్వాత కథ మలుపు తిరిగింది. మైక్రోసాఫ్ట్ 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన కంట్రోలర్ చాలా పెద్దది, దాన్ని డ్యూక్ అని పిలిచేవారు. జపాన్ కోసం 2002లో చిన్నది చేస్తే, చివరికి అందరికీ అదే ఇవ్వాల్సి వచ్చింది. దాని వారసుడు ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ పీసీ గేమ్స్‌కి కొలమానం అయిపోయింది. కొత్త గేమ్స్ దాన్నే గుర్తుపట్టేవి, మన అంకెల ప్యాడ్‌ని గుర్తుపట్టేవి కావు. అప్పుడు కుర్రాళ్లు ఎక్స్ 360 సీఈ అనే చిన్న సాఫ్ట్‌వేర్ దించుకుని, ఇది ఎక్స్‌బాక్స్ కంట్రోలరే అని గేమ్‌ని నమ్మించేవాళ్లు. తర్వాత రెడ్‌గేర్, కాస్మిక్ బైట్, ఎవోఫాక్స్ లాంటి దేశీ బ్రాండ్లు ఆ ఆకారాన్నే, ఆ భాషనే నేరుగా పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి.

ఇక డ్రిఫ్ట్. మీలో చాలామందికి ఈ మాట తెలుసు. స్టిక్ ముట్టుకోకపోయినా బొమ్మ తనంతట తాను నడవడం. మామూలు స్టిక్ లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. రాపిడి ఉన్నచోట అరుగుదల ఉంటుంది. మన పెన్సిల్ ముల్లు కథే, కాకపోతే ఇప్పుడు విప్పడం కష్టం. ఖరీదైన ఒరిజినల్ కంట్రోలర్లు కూడా దీనికి లొంగాయి. నింటెండో స్విచ్ జాయ్‌కాన్ల మీద 2019లో అమెరికాలో కేసులు పడ్డాయి, 2020లో కంపెనీ అధ్యక్షుడు వాటాదారుల ముందు క్షమాపణ చెప్పాడు.

దీనికి మందు పాతదే. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం: అయస్కాంతం దగ్గరికొస్తే కరెంటు ప్రవాహంలో కొలవదగ్గ తేడా వస్తుంది. స్టిక్ కింద అయస్కాంతం, దూరంగా సెన్సర్. ఏదీ దేన్నీ రాసుకోదు. సెగా 1998లోనే డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో ఇది పెట్టింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలు చాలావరకు దాన్ని పక్కన పెట్టాయి. తిరిగి తెచ్చింది ఎవరంటే గులికిట్, ఎయిట్‌బిట్‌డూ, గేమ్‌సర్ లాంటి చైనా థర్డ్ పార్టీలు. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వైకో దగ్గరికే వచ్చాం. బయటివాడిది ఒరిజినల్ కంటే లోపల బాగుంది.

డబ్బాల మీద హాల్ ఎఫెక్ట్ అని చూసి పరిగెత్తకండి మరి. హాల్ స్టిక్ ఉన్నా బటన్ల కింద రబ్బరు చవకది అయి ఉండొచ్చు. ఇంకోటి, పిడుల మీద మెత్తటి రబ్బరు పూత. కొన్నప్పుడు వెల్వెట్‌లా ఉంటుంది. మన ఎండలకు, చెమటకు రెండు మూడేళ్లలో ఆ పూత కరిగి జిగురవుతుంది. నా దగ్గర ఒకటి అలాగే అయింది, కంపెనీ పేరు ఎందుకులెండి. స్పిరిట్ పెట్టి తుడిస్తే పూత మొత్తం పోయి కింద నున్నటి ప్లాస్టిక్ తేలింది, ఇప్పుడు అదే హాయిగా ఉంది. గీతలు గీతలుగా చెక్కిన గరుకు ప్లాస్టిక్ అయితే ఈ గోల ఉండదు. షాపులో పెట్టె విప్పనిస్తే ప్లస్ మీద బొటనవేలు పెట్టి చుట్టూ నెమ్మదిగా దొర్లించండి. మధ్యలో బుడిపె మీద ఊగుతున్నట్టు తెలియాలి. మొత్తంగా కుంగితే పక్కన పెట్టేయండి, పైన ఎన్ని రంగు లైట్లు వెలుగుతున్నా సరే.

మీలో సగం మందికి ఇదంతా అవసరం లేకపోవచ్చు, ఎందుకంటే మీరు ఆడేది ఫోన్లో. బీజీఎంఐ అయితే కంట్రోలర్‌ని ఒప్పుకోదు. అద్దం మీద బుడిపె లేదు, అంచు లేదు, వేలు ఎక్కడుందో వేలికి తెలియదు. ఆ ఖాళీలోకి కూడా థర్డ్ పార్టీ దూరింది. ఫోన్ పైఅంచుకు తగిలించే ట్రిగ్గర్లు చూశారు కదా. నొక్కితే లోపలున్న కరెంటు పోనిచ్చే చిన్న ముక్క అద్దాన్ని తాకుతుంది, ఫోన్ దాన్ని మీ వేలే అనుకుంటుంది. చెమట పట్టిన బొటనవేలికి తొడుక్కునే ఫింగర్ స్లీవ్ ఉంది, వెండి దారం కలిపి నేసిన గుడ్డ. ఒకప్పుడు సిగరెట్ పెట్టె వెండి కాగితం చేసిన పనే అది. దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ కవర్లు అమ్మేవాళ్ల దగ్గర అడిగి చూడండి, జతల్లెక్కన ఇస్తారు.